దీపాల వేళకు నైరోబీ

తిరుత్తణి
12 అక్టోబర్ 1978

తిరువళ్ళూరు వదినగారు సుందరవల్లి గారికి, మీ వియ్యపురాలు వరదమ్మ దండం పెట్టి రాసేది.

అంతా క్షేమం అని మొదలుపెట్టాలని కూర్చున్నాను. ఆ మాట రాస్తే ఎక్కడ దిష్టి తగులుతుందోనని కలం ముందుకు పోవడం లేదు. నా గుణం మీకు తెలిసిందే కదా.

కాంచన దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. మీ అబ్బాయి మునికృష్ణ మీకూ రాసే ఉంటాడు. పిల్లకు నాలుగో నెల. సంతోషపడే లోపలే కింద ఇంకో మాట రాసింది. ఇదివరకు రెండుసార్లు నిలవలేదు కాబట్టి ఈసారి విమానం ఎక్కకూడదట, బస్సు ఎక్కకూడదట, మెట్లు కూడా ఎక్కకూడదట. పురుడు అక్కడే, నైరోబీలోనే అని డాక్టరమ్మ గట్టిగా చెప్పిందట.

తొలి కాన్పు పుట్టింట్లో కాకుండా సముద్రం అవతల ఎట్లా వదినా? దానికి వేడినీళ్ళు ఎవరు పోస్తారు? పురుటి కాయం ఎవరు దంచిపెడతారు? అల్లుడు పొద్దున బట్టల మిల్లుకు పోతే సాయంత్రం దాకా రాడు. ఆ దేశంలో సింహాలు ఇళ్ళ దగ్గరకు వస్తాయని ఇక్కడ పక్కింటావిడ అంది. నిజమేనా? మీ అబ్బాయి మీకేమైనా చెప్పాడా?

మీ ఇంట్లో పిల్లలకు అరవం తప్ప తెలుగక్షరం రాదు కాబట్టి మనసులో ఉన్నదంతా రాస్తున్నాను. మూడో తరగతితో ఆగిన చదువు నాది. తప్పులుంటే నవ్వుకోకండి. మగపిల్లవాడి తల్లి మీరు. మీరు ఎట్లా చెప్తే అట్లా చేస్తాం.

వరదమ్మ

*

తిరువళ్ళూరు
20 అక్టోబర్ 1978

వరదమ్మకు సుందరవల్లి ఆశీర్వదించి రాసేది.

సింహాల సంగతి నాకు తెలియదు. నా భయం సింహాలది కాదు.

పెళ్ళైన నెలకే నా కొడుకు కాంచనను వెంటబెట్టుకుపోయాడు. రెండుసార్లు కడుపు పండింది, రెండుసార్లూ అది నీ ఇంటికి రాలేదు. రెండుసార్లూ నిలవలేదు. డాక్టర్లు దానికి ఇంగ్లీషులో ఏదో పేరు పెట్టారు. మా అత్త బతికి ఉంటే తెలుగులో చెప్పేది. మా వంశంలో తొలిచూలు పిల్ల ఏడో నెల దాటాక, నొప్పులు రాకముందు, పుట్టింటి పురుటిగది గడప కుడికాలితో దాటి లోపలికి పోవాలి. నేను దాటాను. నా పెద్దకోడలు దాటింది. మా ఇంట్లో ఒక్క బిడ్డా పోలేదు.

నిన్ను తప్పుపట్టడానికి రాయడం లేదు. పట్టకుండా ఉండటానికీ రాయడం లేదు. మూడోసారి కూడా అట్లాంటి తంతి వస్తే చదివే ఓపిక నాకు లేదు వరదమ్మా. కోడలు ఆ గడప దాటాలి. ఎట్లా దాటిస్తావో నాకు తెలియదు. కన్నతల్లివి నువ్వు, దారి నువ్వే చూడు.

సుందరవల్లి

*

తిరుత్తణి
9 నవంబర్ 1978

వదినగారికి వరదమ్మ దండాలు.

మీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు మీ అన్నయ్య మగ్గం గుంటలో కూర్చుని నాడె వేస్తుంటే పక్కన కూలబడి ఏడ్చాను. ఆయన నాడె ఆపలేదు, తల ఎత్తలేదు.

"పిల్ల గడపకాడికి రాలేకుంటే గడపనే పిల్లకాడికి పంపిస్తే సరిపాయె గదా" అన్నాడు.

"ఏందయ్యా, నా ఏడుపు నీకు ఎగతాళిగా ఉండాదా?"

"ఎగతాళి ఏముండాదే దీంట్లో? ఆర్.కె.పేట నుంచి ఈడికి వచ్చినప్పుడు మా తాత దాన్ని బండిలో ఏసుకొని రాలే?"

ఏడుపు ఆపి లేచి కూర్చున్నాను వదినా. నిజమే. మా పురుటిగది గడప తిరుత్తణిది కాదు. నూలు ఎక్కడ దొరికితే అక్కడికి పోయిన వంశం మాది. మట్టిగోడలు ఎక్కడివక్కడ వదిలేసేవాళ్ళు. ఆ గడప ఒక్కటి మాత్రం ఊడదీసి వెంట తెచ్చుకునేవాళ్ళు. గడప వేసిన చోటే ఇల్లు. ఆర్.కె.పేటలో మీ అన్నయ్య నాయన ఆ గడప వెనకే పుట్టాడు, తిరుత్తణిలో కాంచన ఆ గడప వెనకే పుట్టింది. ఎడ్లబండి ఎక్కిన గడప విమానం ఎక్కకూడదని ఎక్కడైనా ఉందా?

వడ్రంగి అరుణాచలాన్ని పిలిచి చూపించాను. రెండు మూరల చెక్క, టేకుది. సీలలు కొట్టి పైకి లేపితే వచ్చేస్తుందన్నాడు. "యాడికి తీసకపోతావక్కా?" అన్నాడు. ఆఫ్రికాకు అన్నాను. ఉలి కింద పెట్టేసి మళ్ళీ చెప్పమన్నాడు.

ఇట్లా చేస్తే మీకు సమ్మతమేనా? దీనికేమైనా నియమం ఉందా? మీ అత్తగారు చెప్పిందేదైనా ఉంటే మరచిపోకుండా రాయండి. ఏదో ఒకటి తప్పిపోతుందని నాకు భయం.

వరదమ్మ

*

తిరువళ్ళూరు
17 నవంబర్ 1978

వరదమ్మకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను. రెండోసారి నవ్వు రాలేదు.

గడప కదలవచ్చు. మా అత్త పుట్టింటి వాళ్ళూ అట్లా తెచ్చుకున్నవాళ్ళే. కానీ నియమం ఉంది. పొద్దు పొడిచాక తియ్యాలి. అదే రోజు పొద్దు గుంకేలోపల, దీపాల వేళకు ముందు కొత్తచోట వెయ్యాలి. దారిలో దాని మీద ఎవరి కాలూ పడకూడదు. దీపాల వేళకు గుమ్మంలో లేని గడప ఇంక గడప కాదు, వట్టి చెక్క. పొయ్యిలోకి పనికొస్తుంది.

ఆర్.కె.పేట నుంచి తిరుత్తణికి ఎడ్లబండి ఒక్క పగట్లో వచ్చేసింది. బొంబాయికే రైలు ఒక పగలూ ఒక రాత్రీ పోతుంది. ఆ తరువాత సముద్రం. ఇంక లెక్క నువ్వే వేసుకో.

అయినా ఎవరు తీసుకుపోతారు? అన్నయ్యకు చూపు ఆనదు. నువ్వా? మా ఊరు రావడానికి అరక్కోణంలో బండి మారాలని ముందురోజు నుంచే నిద్రపోవు నువ్వు.

సుందరవల్లి

*

తిరుత్తణి
28 డిసెంబర్ 1978

వదినగారికి,

మీరన్నది నిజమే. అరక్కోణం అంటేనే నాకు హడలు. అయినా అల్లుడికి రాశాను. నేనే వస్తాను, గడప తెస్తాను, ఒక్క పగట్లో చేర్చగలవా అని అడిగాను. విమానం ఆకాశంలో దారి ఎట్లా పట్టుకుంటుంది, వర్షం వస్తే ఎక్కడ ఆగుతుంది, తోలేవాడికి కునుకు వస్తే ఎవరు లేపుతారు అని కూడా అడిగాను. ఆ మూడింటికీ జవాబు రాయలేదు. మిగతాది రాశాడు.

మద్రాసు నుంచి బొంబాయికి విమానం రెండు గంటలు కూడా పట్టదట. బొంబాయి నుంచి నైరోబీ ఇంచుమించు మూడువేల మైళ్ళు. రైలు బొంబాయికి పోయే దూరానికి మూడింతలకు పైనే, అంతా నీళ్ళ మీదే. దానికి ఆరు గంటలట! తిరుత్తణి నుంచి మద్రాసు పోయి, అక్కడ ప్యారిస్ కార్నర్ బజార్లో నూలు కొనుక్కుని తిరిగి వచ్చినంత సేపు. చదువుతుంటేనే కళ్ళు తిరిగాయి. టికెట్టు మిల్లువాళ్ళే ఇస్తారట, జనవరి ఇరవైనాలుగుకు.

ఇక్కడే వచ్చింది చిక్కు. బొంబాయిలో విమానం మధ్యాహ్నం ఒంటిగంటకు లేస్తుంది. ఆరు గంటలు కలిపితే ఏడు. తై నెలలో, సంక్రాంతి రోజుల్లో, మన పొద్దు ఆరుకే గుంకిపోతుంది. వేళ్ళు మడిచి మడిచి చూశాను. ఎట్లా మడిచినా ఏడే వస్తోంది వదినా. గంట ముందే అది వట్టి చెక్క అయిపోతుంది.

మీ అబ్బాయి ఏం రాశాడో తెలుసా? "అత్తా, ఈడ పొద్దు మీకంటే రెండున్నర గంటలు ఆలస్యంగా గూకుతుంది. నువ్వు దిగేసరికి ఈడ ఇంకా సాయంత్రమే. నువ్వు బయల్దేరు" అని. సూర్యుడు ఒక్కడే కదా వదినా. ఒక్క ఊళ్ళో గుంకి, ఇంకో ఊళ్ళో మిట్టన ఎట్లా ఉంటాడు? పాపం, అత్త భయపడకూడదని అబద్ధమాడుతున్నాడు. మంచి పిల్లవాడు. కానీ అబద్ధం మీద గడప ఎట్లా ఎత్తేది?

మీరు వద్దంటే మానేస్తాను. పొమ్మంటే పోతాను. రెండిటికీ భయంగానే ఉంది.

వరదమ్మ

*

తిరువళ్ళూరు
4 జనవరి 1979

వరదమ్మకు,

నా కొడుకు మాట నమ్మకు. చిన్నప్పుడు తిరువాలంగాడు స్టేషన్లో ఆటల్లో పడి బండి తప్పించుకుని, "రైలే నన్ను వదిలిపెట్టి పోయింది" అని నాకే చెప్పినవాడు.

అయినా నువ్వు పో. దీపాల వేళకు అందకపోతే ఆ చెక్క చెక్కగానే దిగుతుంది. తల్లి తల్లిగా దిగుతుంది కదా.

ఆ దేశం పోవడానికి ఇంజెక్షన్లు వేయించుకున్నావా? జ్వరం వస్తుందట, భయపడకు. మీ ఇంటి సంగతి మనసులో పెట్టుకోకు. అది నేను చూసుకుంటాను.

సుందరవల్లి

*

తిరుత్తణి, నీ ఇంటి నుంచి
26 జనవరి 1979

వరదమ్మకు,

పై ఊరి పేరు చూసి కంగారు పడకు. మొన్న నీ టాక్సీ వీధి మలుపు తిరిగిన కాసేపటికే నేను మీ ఇంట్లో దిగాను. నీకు చెప్పలేదు. చెబితే నాకేం వండిపెట్టాలోనని ఒకరోజు ముందు నుంచే కంగారుపడి చచ్చేదానివి.

అన్నయ్య ఆ రోజు మగ్గంలోకి దిగలేదు. అరుగు మీద కూర్చుని ఆకాశంలోకి చూస్తూ ఉన్నాడు. "ఏమన్నయ్యా, నీకు దూరంది ఆనదు కదా" అన్నాను. "ఆనదులే చెల్లీ. చెవులుండాయి గదా" అన్నాడు. ఎక్కడ విమానం చప్పుడైనా లేచి నిలబడేవాడు.

పురుటిగదిలో గడప తీసిన చోట పచ్చి మట్టి కనపడుతోంది. పళ్ళూడిన చిగుళ్ళలాగా ఉంది. అటు చూడలేక గుమ్మానికి నా చీర ఒకటి అడ్డంగా కట్టాను.

సాయంత్రం అయింది. నేను వీధిలోకి వచ్చి కొండ వైపు చూస్తూ నిలబడ్డాను. నీ అల్లుడి లెక్కకు నువ్వు ఇంకా సముద్రం మీదే ఉండాలి. పొద్దు కొండ మీదికి దిగింది. మెల్లగా దిగవయ్యా అన్నాను. మురుగా, నీ కొండకు అవతల పక్క కాస్త పట్టుకో అన్నాను. ఎవరు విన్నారు? వీధిలో అందరూ దీపాలు పెట్టారు. నీ ఎదురింటావిడ "ఏందక్కా, దీపం పెట్టరా మీరు?" అని కేకేసింది. నేను లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను.

నేనెప్పుడైనా నీ ముందు ఏడ్చానా? నీ వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

నిన్న తంతి వచ్చింది. క్షేమంగా చేరింది అని ఉంది. అంతే. పొద్దు సంగతి అందులో లేదు. ఉండదు కదా. నువ్వు చేరావు, అదే చాలు. గడప మాట ఇంక ఎత్తను, నువ్వూ ఎత్తకు. కోడలికి తెలియనివ్వకు. వేళకే దాటాననుకోనీ. ఆ నియమం నేను నీకు రాయకుండా ఉండాల్సింది.

సుందరవల్లి

*

నైరోబీ
27 జనవరి 1979

వదినా! వదినా! దండాలు తరువాత. ముందు ఇది చదవండి. అందింది! పొద్దు ఉండగానే అందింది!

మొదటి నుంచి చెప్తాను, లేకపోతే నాకు తోచదు. పొద్దు పొడవగానే అరుణాచలం సీలలు కొట్టాడు. గడప ఒక్కసారి మూలిగింది, నా చేతుల్లోకి వచ్చేసింది. పసుపు రాసి, మీ అన్నయ్య దానికోసమే నేసిన బట్టలో చుట్టాము.  టాక్సీ తలుపు వేశాక ఆయన అద్దం మీద చెయ్యి పెట్టి అట్లాగే నిలబడ్డాడు.

మీనంబాకంలో విమానాల దగ్గర ఆఫీసరు "ఏమ్మా ఇది, తలుపా?" అని అరవంలో అడిగాడు. సామాన్లతో కింద వేయమన్నాడు. ఎవరైనా కాలు పెడితే? "నాయనా, నన్ను కింద వెయ్యి, దీన్ని పైన కూర్చోబెట్టు" అన్నాను. వెనక వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వి వదిలిపెట్టాడు. విమానంలో పనిచేసే పిల్లలు దాన్ని నా సీటు పక్కన గోడకు ఆనించి పట్టీతో కట్టారు. నాకొక పట్టీ, దానికొక పట్టీ.

లేచేటప్పుడు కళ్ళు మూసుకుని చౌడమ్మ తల్లినీ మురుగయ్యనూ ఒకరి తరువాత ఒకరిని పిలిచాను. ఎవరికి తీరిక ఉంటే వాళ్ళు వస్తారని. కళ్ళు తెరిచేసరికి కింద మబ్బులు, గంజి పట్టించిన పడుగు వీధి పొడుగునా ఆరకట్టినట్టు ఉన్నాయి. బాగుందే అనుకున్నాను. అనుకున్నందుకు మళ్ళీ భయపడ్డాను.

బొంబాయిలో ప్రాణం పోయింది. విమానం లేవలేదు. ఒంటిగంట అయింది, లేవలేదు. గడప ఒళ్ళో పెట్టుకుని అద్దంలో నుంచి పొద్దును చూస్తూ కూర్చున్నాను. అక్కడ తెలుగు లేదు, అరవం లేదు. నీలం చీర కట్టిన పిల్ల చెయ్యి పట్టుకుని పొద్దును చూపించాను, గడపను చూపించాను, మళ్ళీ పొద్దును చూపించాను. ఆ పిల్ల నాకు ఎండదెబ్బ తగిలిందనుకుని నీళ్ళు తెచ్చింది. భోజనాలవేళ దాటిపోయాక లేచింది ఆ విమానం మహాతల్లి.

నా పక్కన గుజరాతీ ముసలావిడ ఒకామె కూర్చుంది. నాకంటే పెద్దది. చేతికి గడియారం. నేను మాటిమాటికీ ఆమె మణికట్టు తిప్పి చూస్తున్నాను. ఆమె విసుక్కోలేదు. చివరకు ఆరయింది. ఇంక అయిపోయింది అనుకున్నాను. ఇంటి దగ్గర పొద్దు గుంకి ఉంటుంది. కాంచన మొహం ఎట్లా చూసేది అని కళ్ళు తుడుచుకుని కిటికీలోకి చూశాను.

పొద్దు అక్కడే ఉంది వదినా! రెండు బారల ఎత్తున, మధ్యాహ్నం మూడింటి పొద్దులాగా, తెల్లగా! గడియారం చెడిందేమోనని ఆమె చెయ్యి విదిలించి చూశాను. చెడలేదు. అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకు. పొద్దు పడమరకు పోతోంది, మేమూ పడమరకే పోతున్నాం. అది ముందు, మేము వెనక. దాన్ని వదలకుండా తరుముకుంటూ పోతున్నాం. మన ఊళ్ళో నిలబడి చూసేవాళ్ళకు అది కొండ వెనక్కి పోయింది. వెంట వచ్చినదానికి పోలేదు!

మీ అబ్బాయి అబద్ధం ఆడలేదు. రైలు సంగతి నాకు తెలియదు, పొద్దు సంగతిలో ఆడలేదు.

నేను పైకే నవ్వేశాను. గుజరాతీ ఆవిడ ఏమిటని కళ్ళతో అడిగింది. గడప మీది బట్ట తొలగించి పసుపూ కుంకుమా చూపించాను, కడుపు చూపించాను, ఉయ్యాల ఊపి చూపించాను. ఆమెకు అర్థమైంది. గడపను వేలితో తాకి కళ్ళకు అద్దుకుంది.

దిగేసరికి మాత్రం పొద్దు వాలిపోయింది. బొంబాయిలో పోయిన సేపు ఇక్కడ తగిలింది. పెట్టెలు తెరిచి చూసేచోట పొడుగాటి ఆఫీసరు, నల్లటి మొహం, తెల్లటి చొక్కా, గడపను బల్ల మీద పెట్టించి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తట్టి చూశాడు. లోపల ఏమైనా దాచానేమోనని కాబోలు. ఇంకొకర్ని పిలిచాడు. వాళ్ళు ఇంకొకర్ని పిలిచారు. అద్దం అవతల అల్లుడు చేతులు ఊపుతున్నాడు. అద్దం మీద ఎండ ఎర్రబడుతోంది.

నాకేమైందో తెలియదు వదినా. గడపను బల్ల మీద నుంచి లాక్కున్నాను. నేలకు తగలకుండా ఒక కొస నా పెట్టె మీద, ఒక కొస నా వెనకే వరసలో ఉన్న గుజరాతీ ఆవిడ చేతిలో పెట్టాను. చీరె కొంగు ఉండచుట్టి పొట్ట దగ్గర దోపాను. నిండు చూలాలిలాగా నడుం మీద చెయ్యి వేసుకుని, కుడికాలు ఇంత ఎత్తున లేపి, దాటినట్టు చూపించాను. తరువాత కొంగు విప్పి చంకలో వేసుకుని జోకొట్టి, "ఉంగా ఉంగా" అని ఏడ్చాను.  అరక్కోణంలో బండి మారలేని వరదమ్మ! ఆఫీసరు నా వైపు చూశాడు, నా పొట్ట వైపు చూశాడు, పెద్దగా నవ్వాడు. హాలంతా నవ్వింది, చప్పట్లు కొట్టింది. సుద్దముక్కతో బట్ట మీద ఒక గీత గీసి, గడపను తనే ఎత్తి అల్లుడి చేతుల్లో పెట్టాడు.

"అత్తా, ఏం చేసినావు వాళ్ళని?" అన్నాడు అల్లుడు.

"మాటలు తరువాత. ముందు బండి ఎక్కు నాయనా!"

కారులో పోతున్నంతసేపూ పొద్దు ఇళ్ళ సందుల్లో నుంచి కనపడుతూ, మాయమవుతూ ఉంది. మొదట నవ్వుతూ తోలినవాడు నా మొహం చూసి నవ్వు మాని తోలాడు. ఇక్కడ పొద్దు మన పొద్దులాగా నిదానంగా దిగదు, రాయి జారినట్టు జారుతుంది. మిల్లు క్వార్టర్స్ మెట్ల మీద ఇద్దరం గడపకు చెరో కొసా పట్టుకుని పరుగెత్తాము. పడకగది గుమ్మంలో పెడితే వేలెడంత ఎక్కువ వచ్చింది. ఏటవాలుగా ఇరికించాము. కిటికీలో ఎండ గోడ మీద జానెడు మిగిలి ఉంది.

కాంచన వసారాలో మంచం మీద నుంచి అల్లుణ్ణి పట్టుకుని లేచింది. ఎంత చిక్కిపోయిందో! పొట్ట ఒక్కటే ఉంది.

"అమ్మా, ఒక్కదానివే వచ్చినావా?"

"ఒక్కదాన్నే యాడ? ఇంటిని ఎత్తుకొని వచ్చినా. కుడికాలు పెట్టు తల్లీ."

పెట్టింది. దాటింది. నేను పిల్ల పాదాలనే చూస్తున్నాను. తల ఎత్తి చూస్తే గోడ మీద ఎండ ఇంకా ఉంది వదినా. రెండు వేళ్ళంత. అది పోయేదాకా చూసి, అప్పుడు దీపం పెట్టాను.

ఇప్పుడొక కొత్త బెంగ. దీన్ని తిరిగి ఎట్లా తెచ్చేది? వచ్చేటప్పుడు పొద్దు నా వెంట ఉంది. పోయేటప్పుడు ఎదురొస్తుంది కదా? పగలు తరిగిపోతుంది కదా?

వరదమ్మ

*

తిరువళ్ళూరు
12 ఫిబ్రవరి 1979

వదినా,

ఇంక నిన్ను పేరుతో పిలవను. నువ్వూ మీరూ గీరూ మాను.

నీ ఉత్తరం మొన్న వచ్చింది. తిరుత్తణి నుంచి నేను రాసింది నీకు ఈపాటికి అంది ఉంటుంది. దాన్ని చించి పారెయ్యి. ఒకే ఆకాశం కింద నేను పొద్దు గుంకిందని ఏడుస్తూ ఉంటే నువ్వు పొద్దును చూసి నవ్వుతున్నావు. నాకు చెప్పకుండా!

గడప ఎక్కడ ఉందో పొద్దు అక్కడిదే లెక్క. నేను తీర్పు చెప్పేశాను. దీన్ని కాదనేవాళ్ళు ఎవరైనా ఉంటే తిరువళ్ళూరు వచ్చి నాతో మాట్లాడమను. పక్కింటి రాజామణి "ఏందక్కా, మీ వియ్యపురాలు వాకిలి ఊడబెరుక్కొని విమానం ఎక్కిందంటనే?" అని మూతి తిప్పింది. "అవును మే. మీ వియ్యపురాలు పిండివంటలు కూడా మోసుకురాలే" అన్నాను.  వీరరాఘవస్వామి గుడిలో కనపడిన ప్రతివాళ్ళకూ నీ ఉత్తరం నేనే చదివి వినిపిస్తున్నాను. కొంగు ఉండచుట్టి దోపిన దగ్గర మళ్ళీ చదవమంటున్నారు.

నీ కొత్త బెంగకు జవాబు. గడపను తిరిగి తేవద్దు. ఎదురు పొద్దులో ఒక్క పగట్లో రాదు, నువ్వు చెప్పింది నిజమే. అక్కడే ఉండనీ. ఆర్.కె.పేట అయింది, తిరుత్తణి అయింది, ఇప్పుడు నైరోబీ. అరుణాచలంతో మాట్లాడి మీ ఇంటికి కొత్త గడప చెక్కిస్తున్నాను. వేప చెక్క. అన్నయ్య చేత్తో తడిమి చూసి సరేనన్నాడు.

కానీ వదినా, బిడ్డ ఇంకా లోపలే ఉంది. అంతా గెలిచినట్టు ఊళ్ళో చెప్పుకుంటున్నాను, ఇంటికి వచ్చి తలుపు వేసుకుని దేవుడికి దండం పెడుతున్నాను. నీ దగ్గర నుంచి బెంగపడటం నేర్చుకున్నాను. ఏ చిన్న సంగతైనా రాయి.

సుందరవల్లి

*

నైరోబీ
6 మార్చి 1979

వదినా, తంతి అంది ఉంటుంది. తంతిలో నాలుగు మాటలకు మించి పట్టవు. మిగతాది విను.

శుక్రవారం తెల్లవారుతూ కాంచన నన్ను లేపింది. "అమ్మా, నడుములో పీకతా ఉండాది." లెక్కకు ఇంకా రెండు వారాలుంది.  అల్లుడు కారు తాళాల కోసం వెతుకుతాడు, అవి వాడి చేతిలోనే ఉన్నాయి. నీ కొడుకేమీ తక్కువ కాదు. గడప దగ్గర పిల్ల ఆగి, వంగలేక, కాలి బొటనవేలితో దాన్ని తాకింది. అప్పుడు బయటికి నడిచింది.

ఆసుపత్రిలో నన్ను లోపలికి రానివ్వలేదు. బయట బల్ల మీద కూర్చున్నాను. ఇదివరకు రెండుసార్లూ ఇదే బల్ల మీద వాడు ఒక్కడే కూర్చున్నాడట. ఎవరికీ చెప్పలేదట. అప్పుడు చెప్పాడు.  వాడి చెయ్యి పట్టుకున్నాను. నాకు భయం వేయలేదంటే నువ్వు నమ్మవు. వేసింది. కానీ ఎప్పుడూ నా భయం నాకే సరిపోయేది, ఆ రోజు వాడి భయం కూడా నేనే పడ్డాను.

పొద్దు బాగా ఎక్కాక తలుపు తెరుచుకుంది. నర్సు మా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు చూడగానే వీడు గోడకు ఆనుకుని చిన్నపిల్లవాడిలాగా భోరుమన్నాడు. ఆడపిల్ల వదినా! నీ ముక్కు. నలుపు కాదు, తెలుపు కాదు, మన చాయ. తల నిండా జుట్టు. పిడికిళ్ళు బిగించుకుని వచ్చింది, ఎవరితోనో కొట్లాటకు వచ్చినట్టు. కాంచన బాగుంది. అలిసిపోయింది, అన్నం తింటోంది. డాక్టరమ్మ వచ్చి వాళ్ళ భాషలో ఏదో అంది. ఇద్దరూ దిట్టంగా ఉన్నారని అల్లుడు చెప్పాడు. మళ్ళీ చెప్పమన్నాను. మూడుసార్లు చెప్పించుకున్నాను.

పుట్టిన ఊరు ఏమని రాయాలని నర్సు అడిగితే అల్లుడు నైరోబీ అన్నాడు. నేను తిరుత్తణి అన్నాను. ఇద్దరం ఆమె ముందే వాదులాడుకున్నాం. కాంచన మంచం మీద నుంచి "ఏదో ఒకటి రాయండబ్బా. నాకు నిద్ర వస్తా ఉండాది" అంది.

నిన్న ఇంటికి తెచ్చాము. పేరు పెట్టే హక్కు నీది. నువ్వు రాసేదాకా మేమేమీ పెట్టం. ఊరికే 'ఏయ్' అని పిలుస్తున్నాం. దానికే ఇటు తిరిగి చూస్తోంది. తొందరగా రాయి, లేకపోతే అదే పేరైపోతుంది.

ఇంకా చాలా ఉంది చెప్పాల్సింది. సాంబ్రాణి ఇక్కడ దొరికింది, కాయం మందులు నేను తెచ్చినవి అయిపోయేలా ఉన్నాయి, దాని జుట్టు... అదిగో, లేచింది. విన్నావా? ఎంత గొంతో! మిల్లు సైరను దీని ముందు ఎందుకూ చాలదు. పైఅంతస్తు వాళ్ళు కూడా కిటికీలు తెరిచి చూస్తున్నారు. చూడనీ. ఉండు ఉండు, వస్తా ఉండానే తల్లీ, వస్తా ఉండా